సాత్‌తాల్ గట్టున

నైనితాల్ జిల్లాలో భీమ్‌తాల్ దాటి కొండదారిన కాస్త పోతే సాత్‌తాల్ వస్తుంది. ఏడు చెరువుల చోటు. రాముడు, సీత, లక్ష్మణుడు, గరుడుడు, నలదమయంతులు అంటూ కుమావు జనం ఆ నీళ్ళకు తమకిష్టమైన పేర్లు పెట్టుకున్నారు. ఆ గట్టునే, ఓక్, పైన్ చెట్ల నీడలో, 1930 నుంచి ఒక క్రైస్తవ ఆశ్రమం ఉంది. రాముడి పేరున్న నీళ్ళు, వాటి పక్కన క్రీస్తు ప్రార్థన ఇన్నేళ్ళుగా ఇరుగుపొరుగుగా ఉండటం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఆశ్రమం పెట్టింది ఇ. స్టాన్లీ జోన్స్. 1907లో అమెరికా నుంచి మెథడిస్టు మిషనరీగా మన దేశం వచ్చారాయన. లక్నోలో ఉంటూ, హిందువులనూ ముస్లింలనూ క్రైస్తవులనూ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరి మతం గొప్పదన్న వాదన పక్కనబెట్టి, ఎవరి విశ్వాసం వాళ్ళ బతుకులో ఏం చేసిందో చెప్పమని అడిగేవారు. సబర్మతిలో గాంధీ దగ్గరా, శాంతినికేతన్‌లో ఠాగూర్ దగ్గరా కొన్నాళ్ళు గడిపారు. అక్కడ చూసిన బతుకు ఆయన్ని వదల్లేదు. ఒక బ్రిటిష్ మిషనరీ, ఒక భారతీయ పాస్టరు తోడుగా సాత్‌తాల్‌లో తన ఆశ్రమం మొదలుపెట్టారు. స్వాతంత్ర్యోద్యమాన్ని సమర్థించినందుకు రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని తిరిగి రానివ్వలేదు. 1973లో కన్నుమూసింది మాత్రం ఈ దేశంలోనే, బరేలీలో.

ఆశ్రమంలో అడుగుపెట్టాక బిరుదులన్నీ గుమ్మం బయటే. బిషప్పు అయినా, డాక్టరు అయినా, జోన్స్ అయినా అందరూ పేరు పెట్టి పిలుచుకునే అన్నలూ అక్కలే. శిబిరంలో మొదటి కూటమి పేరే మనసు విప్పే ఉదయం. ఎందుకొచ్చావు, నీకేం కావాలనుంది, నిజంగా నీకేది అవసరం అని మూడు ప్రశ్నలు. కోరికా అవసరమూ ఒకటి కావని తెలిసినవాళ్ళు మాత్రమే వేయగల ప్రశ్నలివి. పెద్దలూ వాటికి జవాబు చెప్పాల్సిందే.

వీటన్నిటికంటే నన్ను కదిలించేది పాకీ పని సంగతి. మరుగుదొడ్లు శుభ్రంచేసే మనిషికి వారంలో ఒకరోజు సెలవిచ్చి, ఆ పని ఆశ్రమవాసులే వంతులవారీగా చేసేవారు. క్రైస్తవం పుచ్చుకున్న ఒక బ్రాహ్మణుణ్ణి మీ వంతెప్పుడని జోన్స్ అడిగితే, తాను మారిన మాట నిజమేగానీ అంతదాకా ఇంకా మారలేదన్నాడట. ఆ మాటను జోన్స్ తన రాతల్లో దాచిపెట్టకుండా చెప్పుకొచ్చారు. ఆ బ్రాహ్మణుడి నిజాయితీ మీద నాకు గౌరవమే. మన ఊళ్ళలోనూ ఇదే తీరు. చర్చి చాలాచోట్ల దళితుల పేటలోనే ఉంటుంది. క్రిస్మస్ దీపాలు చూడటానికి ఊరు వస్తుంది, భోజనాల పంక్తిలో కూర్చోవడానికి చాలామంది రారు. గేటు ఎంత బార్లా తెరిచినా, పక్కవాడి పని మన చేతికి అంటనంతకాలం అది చూసిపోయేవాళ్ళ కోసం తెరిచిన గేటేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆశ్రమం ఉన్న ఈ చోటును మెథడిస్టు ఎస్టేట్ అంటారు. ఇప్పుడు ఆ పేరు ప్రార్థనాపరులకంటే పక్షిప్రేమికుల నోట ఎక్కువగా వినిపిస్తుంది. చెట్ల మధ్య ఒక తడి మడుగు ఉంది, దాన్ని వాళ్ళు స్టూడియో అంటారు. చలికాలం పొద్దున్నే పొడుగాటి లెన్సులు పెట్టుకుని అక్కడ చప్పుడు చేయకుండా కూర్చుంటారు. ఎర్రముక్కు లియోత్రిక్స్‌లు, హిమాలయన్ బుల్‌బుల్‌లు, రకరకాల లాఫింగ్ థ్రష్‌లు నీళ్ళకు దిగుతాయి. ఏ గొంతు ఏ పిట్టదో చెప్పేది చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు. గైడ్ పనితో, హోమ్‌స్టేలతో, చెరువు గట్టున టీ, మ్యాగీ అమ్మే కొట్లతో కొన్ని కుటుంబాలు బతుకుతున్నాయి. దాదాపు వందేళ్ళుగా ఆ కొండవాలు హోటళ్ళ పాలు కాకుండా అడవిగా మిగలడంలో ఆశ్రమం పాత్ర చిన్నది కాదు. కొన్నేళ్ళ క్రితం సుందరీకరణ పేరుతో చెరువు గట్టున కాంక్రీటు పనులు మొదలైనప్పుడు, ఊరివాళ్ళూ పక్షిప్రేమికులూ కలిసి వద్దని నిలబడ్డారు. ఆ గట్టు తమదన్న హక్కు వాళ్ళ గొంతులో పలికింది.

అందుకే ఆ ఆశ్రమం పెద్దలను నేనొకటి అడగదలుచుకున్నాను. శిబిరం మొదలయ్యే ఉదయం ఆ గైడ్ కుర్రాళ్ళనూ, టీకొట్టు నడిపే అక్కనూ, గడ్డిమోపులతో దిగే కుమావు ఆడవాళ్ళనూ లోపలికి పిలవండి. పాటలు వినడానికో, ప్రసాదంలా కాసిన్ని బిస్కెట్లు పుచ్చుకోవడానికో కాదు. ఆ మూడు ప్రశ్నలూ వాళ్ళను అడగండి. నీళ్ళ గురించి, చెత్త గురించి, ఆదివారాల్లో దారంతా ఆగిపోయే కార్ల గురించి వాళ్ళు చెప్పేది పూర్తిగా వినండి. ఆ తరవాత చీపుర్లు పట్టుకుని, వాళ్ళతో కలిసి చెరువు గట్టుకు దిగండి.