సెల్ఫ్ తీసుకోని బండి

విజయవాడ ఆటోనగర్‌లో బ్యాటరీల షాపు నడిపేవాడికి సంక్రాంతి ముందు రోజుల్లో మంచి గిరాకీ. పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి: "సెల్ఫ్ తీసుకోవట్లేదు, టకటకమంటోంది." అందరూ చలికి పోయిందనే అంటారు. మా ఊరి చలి ఏపాటిది! బ్యాటరీని తినేసింది మే నెల. బయట నలభై దాటిన ఎండ, పక్కనే ఇంజిన్ సెగ. లోపల నీళ్లు తగ్గిపోతాయి, ప్లేట్లు తుప్పు పడతాయి. అలా సగం చచ్చిన బ్యాటరీ వానాకాలమంతా ఎలాగో నెట్టుకొస్తుంది. చలికి ఇంజిన్ ఆయిల్ కాస్త చిక్కబడి, సెల్ఫ్ మోటారుకు బరువు పెరిగిన రోజున దాని బండారం బయటపడుతుంది. ఈ ఎండల్లో మూడు నాలుగేళ్లు నడిచిందంటే ఆ బ్యాటరీని తిట్టాల్సిన పనిలేదు.

అయినా బండి రాగానే కొత్తది దింపను. ముందు మీటరు పెడతాను. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12 దగ్గరికొస్తే దాదాపు ఖాళీ. ఆ ఒక్క అంకెనూ నమ్మి తీర్పు చెప్పకూడదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది ఎంతకు దిగిందో చూడాలి. ఫుల్ ఛార్జింగ్ ఉండి కూడా 9.5 కిందికి పడిపోతుంటే ప్లేట్లలో సత్తువ లేనట్టే. ఇంజిన్ స్టార్టయ్యాక 14కు కాస్త అటూ ఇటూగా చూపించాలి. అక్కడ కూడా 12.3 దగ్గరే కొట్టుకుంటుంటే ముందు చూడాల్సింది డైనమోని, బెల్టుని. దాన్ని వదిలేసి బ్యాటరీ మారిస్తే బండి మళ్లీ నా షాపు ముందుకే వస్తుంది. కొత్త బండ్లలో కొన్నింటికి కంప్యూటరు చెప్పినప్పుడే ఛార్జింగ్ ఎక్కుతుంది, వాటి లెక్క వేరు.

ఒకాయన ఏడాది తిరక్కుండానే రెండో బ్యాటరీ కోసం వచ్చాడు. "మంచి కంపెనీదే వేశారు కదన్నా, మళ్లీ ఇదేంటి?" అన్నాడు. బండి లాక్ చేయించి, అన్నీ నిద్రపోయేదాకా కాసేపు ఆగి, మైనస్ వైరుకు మధ్యలో మీటరు కలిపాను. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. అర ఆంపియర్ లాగుతోంది. 35 ఏహెచ్ బ్యాటరీ అయితే మూడు రోజుల్లో చేతులెత్తేస్తుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే దొరికింది: ముందు అద్దానికి పెట్టించుకున్న కెమెరా. తాళం తీసినా ఆగకుండా ఎవరో డైరెక్ట్ లైను ఇచ్చారు. ఆ వైరు మార్చి, బ్యాటరీని ఛార్జింగ్‌లో పెట్టి పంపాను. అమ్మకం పోయిందని మా కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు.

నిజంగా మార్చాల్సి వచ్చినప్పుడు మొదటి ప్రశ్న కంపెనీ గురించే. "మన తిరుపతిది ఉందా?" అని అడుగుతారు. కరకంబాడిలో తయారయ్యే అమరాన్ అన్నమాట. ఎక్సైడ్ తప్ప వేరేది ముట్టనివాళ్లూ ఉన్నారు. నా మటుకు నేను కంపెనీ కంటే తయారీ తేదీ చూడమంటాను. నెలల తరబడి అరలో కూర్చున్న బ్యాటరీ అక్కడే నీరసపడిపోతుంది. తర్వాత దాని మీది నంబరు. 38బి20ఎల్ అని ఉందనుకోండి, 20 అంటే పొడవు ఇంచుమించు 20 సెంటీమీటర్లు, చివరి అక్షరం ప్లస్ ఏ పక్కనుందో చెబుతుంది. ఆ అక్షరం తేడా వస్తే కేబుల్ అందదు, లాగి బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు బాడీకి రాసుకుంటుంది. "పెద్దది వేసెయ్యండి" అనేవాళ్లుంటారు. ట్రేలో కుదురుగా కూర్చోని బ్యాటరీ ఎంత పెద్దదైతే ఏం లాభం? గతుకులకు అదిరి అదిరి ప్లేట్ల మీది మందు రాలిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి స్టార్టయ్యే బండ్లకు మాత్రం ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ, కంపెనీ ఏది ఇచ్చిందో అదే పడాలి. ధర చూసి మామూలుది అడిగితే నేను వేయను.

బిగించే పని చిన్నదే. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేస్తాం. 10 నంబర్ స్పానర్‌తో ముందు మైనస్ విప్పాలి. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతూ స్పానర్ కాస్త పక్కకు జరిగి బాడీకి తగిలితే నిప్పురవ్వలే. బ్యాటరీ పైన హైడ్రోజన్ ఉందంటే పేలనూవచ్చు. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది: ప్లస్ ముందు, మైనస్ చివర. క్లాంపుల మీద పచ్చగా, తెల్లగా పేరుకున్నదాన్ని వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే నురగలు కక్కుతూ వదిలిపోతుంది. తుడిచి, ఆరనిచ్చి, బిగించాక పైన పలచగా వ్యాజిలీన్ రాస్తాను. గ్రీజు మెత్తేవాళ్లున్నారు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. గడియారం టైము మార్చుకోవాలని, కొన్ని బండ్లలో కిటికీ అద్దాలను ఒకసారి పూర్తిగా దింపి ఎక్కించాలని ముందే చెబుతాం, లేకపోతే సాయంత్రానికి ఫోనొస్తుంది.

ఇక మిగిలేది పాత బ్యాటరీ బేరం. దాని బరువులో సగానికి పైగా సీసమే, అందుకే తిరిగిస్తే బిల్లులో తగ్గిస్తాం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. కొందరు మాత్రం ఇవ్వరు. "ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టుకుంటానండీ" అంటారు. కారు బ్యాటరీలో ప్లేట్లు పలచన. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వడానికి చేసింది, గంటల తరబడి ఫ్యాన్ తిప్పడానికి కాదు. అందులోనూ అది ఇప్పటికే పోయిన బ్యాటరీ. అంతా చెప్పాక కూడా డిక్కీలో వేయించుకునేవాళ్లకు అట్టముక్క కింద పరిచి, పక్కకు ఒరగకుండా నిలువుగా పెట్టి పంపిస్తాను.