మా ఇంటికి వచ్చిన శనిదృష్టి

అమెరికావారి మోటారు వాహనాల పేర్లను తెలుగు చేసి చూచుకోవడం నాకొక కాలక్షేపం. ముప్పై ఐదేళ్లు పిల్లలకు పదాల వ్యుత్పత్తులు బోధించినవాడికి ఆ అలవాటు ఉద్యోగ విరమణతో పోయేది కాదు. మెర్క్యురీ అంటే బుధుడు. పాంటియాక్ ఒక ఆదివాసి నాయకుని పేరు. శాటర్న్ అంటే సాక్షాత్తూ శని. విచిత్రమేమంటే, కార్లకు పెట్టిన ఈ మూడు పేర్లూ 2010, 2011 సంవత్సరాలలో ఒకదాని వెంట ఒకటి అస్తమించాయి.

అందులో శాటర్న్ వారు 2007 నమూనాగా ఏడెనిమిది మంది కూర్చోదగిన ఒక వాహనాన్ని విడుదల చేసి దానికి అవుట్‌లుక్ అని నామకరణం చేశారు. అవుట్‌లుక్ అంటే దృక్పథం, దృష్టి. ఇప్పుడు రెండు పదాలనూ షష్ఠీ తత్పురుషంలో కలిపి చూడండి. శని యొక్క దృష్టి, శనిదృష్టి! పగవాడి ఇంటిమీద కూడా పడకూడదని మనవాళ్లు కోరుకునే వస్తువును ఆ దేశంలో డబ్బిచ్చి కొనుక్కున్నారన్నమాట.

ఈ సమాసం నాకు వినోదంగానే ఉండిపోయేది. కానీ 2023 సెప్టెంబరులో మిషిగన్ రాష్ట్రంలోని మా అమ్మాయి ఇంట అది నిర్ణయం చేయవలసిన విషయమై కూర్చుంది. అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. రాత్రి విధులకు నలభై మైళ్లు పోవాలి. అల్లుడుగారి ఉద్యోగం ఆ వేసవిలోనే పోయింది. ఇంట్లో ఒకటే చిన్నకారు. ఇద్దరు పిల్లలు, వచ్చి దిగిన మేమిద్దరం కలిపితే ఆరుగురం. అప్పు చేయకుండా, చేతిలో ఉన్న నాలుగువేల డాలర్ల లోపల రెండో బండి కావాలి. దొరికినది 2008 నాటి శాటర్న్ అవుట్‌లుక్. అప్పటికే 1,38,000 మైళ్లు, అంటే సుమారు రెండు లక్షల ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. రంగు నలుపు. చూడడానికి రమ్మన్నది శనివారం.

"ఏమండీ, శనివారం నాడు ఇనుము కొనడమే తప్పు. అందులోనూ నల్లది. దానిమీద శని అని పేరు చెక్కి ఉంది. ఇంకా ఏం మిగిలింది, నువ్వులా?" అన్నది మా ఇంటావిడ.

"నాన్నగారూ, మీరు చూసి చెప్పండి. మీ మాటైతే అమ్మ వింటుంది" అన్నది అమ్మాయి. నాకు మోటారు విద్య రాదు. కానీ ఒక తాళపత్ర ప్రతి చేతికి వస్తే దానిని ఎట్లా పరీక్షించాలో గురువులు నేర్పారు. పెళ్లిసంబంధం చూచేటప్పుడు మన పెద్దలు చేసేదీ అదే. ముందు పేరు, తరువాత వంశం, చివరకు మనిషి. ఆ క్రమంలోనే ఈ బండినీ పరీక్షించాను.

మొదటిది పేరు. శనైః చరతి, మెల్లగా నడుస్తాడు గనుక శనైశ్చరుడు. మందుడన్నా ఆయనే. ఒక్కొక్క రాశిలో రెండున్నరేళ్లు చొప్పున రాశిచక్రం చుట్టి రావడానికి ఆయనకు సుమారు ముప్పై ఏళ్లు పడుతుంది. నెమ్మది ఆయన స్వభావం, చేసినదానికి తగిన ఫలమివ్వడం ఆయన పని. రోమనుల శాటర్న్ అయితే విత్తనాలకూ పంటలకూ అధిదేవత. ఈ కంపెనీవారు ఆ ఇద్దరినీ తలచలేదు. మనుషులను చంద్రుని వద్దకు మోసుకుపోయిన శాటర్న్ రాకెట్టును తలచుకొని ఆ పేరు పెట్టుకున్నారు. కాబట్టి పేరులో దోషం లేదని తేల్చాను.

అయితే ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. పేరులో దోషం లేదన్నప్పుడు పేరువల్ల వచ్చే గుణాన్ని కూడా లెక్కలోకి తీసుకోకూడదు. శాటర్న్ అంటే ఆ దేశంలో కొందరికి ఇప్పటికీ ప్రీతి. జపాను చిన్నకార్లకు దీటుగా నిలబడాలని జనరల్ మోటార్స్ వారు 1985లో దీనిని వేరే కంపెనీగా స్థాపించారు. 1990లో టెనెస్సీ రాష్ట్రంలోని స్ప్రింగ్ హిల్ కర్మాగారం నుండి తొలి కారు బయటికి వచ్చింది. కార్మికులకు నిర్ణయాలలో భాగముండేది. దుకాణంలో బేరం లేదు, చెప్పిందే ధర. పక్కరేకులు ప్లాస్టిక్కువి గనుక చిన్న దెబ్బలకు సొట్టపడేవి కావు. 1994లో నలభై వేల మందికి పైగా జనం తమ కార్లు పుట్టిన ఆ కర్మాగారానికి తీర్థయాత్రవలె తరలివెళ్లారు. కార్ల కంపెనీకి అటువంటి భక్తులు దొరకడం అరుదు.

కానీ మేము చూచిన అవుట్‌లుక్‌కు ఈ కథతో చుట్టరికం పేరువరకే. దాని ఒళ్లు ప్లాస్టిక్కు కాదు, ఉక్కు. పుట్టినది స్ప్రింగ్ హిల్‌లో కాదు, మిషిగన్‌లోనే, లాన్సింగ్ పక్కనున్న డెల్టా టౌన్‌షిప్‌లో. శని అని భయపడడం ఎంత పొరపాటో, శాటర్న్ అని మురిసిపోవడమూ అంతే పొరపాటు.

"అది సరే, పేరు పెట్టుకున్న కంపెనీయే పోయింది గదా, దాని మాటేమిటి?" అని మా ఇంటావిడ అడిగింది. అది న్యాయమైన ప్రశ్న. మొదటి పదేళ్లూ దాదాపు ఒకే రకం చిన్నకారుతో నెట్టుకొచ్చిన కంపెనీ అది. జనం పెద్ద వాహనాలవైపు తిరిగేసరికి వెనుకబడింది. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత 2009 జూన్ 1న జనరల్ మోటార్సే దివాలా రక్షణ కోరింది. శాటర్న్‌ను పెన్‌స్కే సంస్థ కొంటుందన్నారు. తరువాతి కాలానికి కార్లు తయారుచేసి ఇచ్చేవారు దొరకక ఆ బేరం సెప్టెంబరు 30న విరిగిపోయింది. మరుసటి ఏటికి పేరు కనుమరుగైంది. ఇందులో గ్రహచారం కంటే లెక్కాచారమే ఎక్కువ కనబడుతుంది.

రెండవది వంశం. తల్లిదండ్రులు లేని బిడ్డకు అన్నదమ్ములున్నారా అని విచారించాలి. ఇక్కడ అదృష్టం బాగుంది. అవుట్‌లుక్‌తో ఒకే మూసలో పుట్టినవి మరి మూడున్నాయి: జీఎంసీ అకేడియా, బ్యూక్ ఎన్‌క్లేవ్, షెవర్లే ట్రావర్స్. ఈ మూడూ ఆ రూపంలో 2017 దాకా నడిచాయి. 3.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనూ, ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్టె, కింది చట్రం, బ్రేకులు అన్నీ ఒక కుటుంబానివే. అందుచేత లోపలి అవయవాలకు కొరత లేదు. దొరకనిది ముఖం. ముందు దీపాలు, బంపరు, వెనుక దీపాలు శాటర్న్‌కు మాత్రమే ప్రత్యేకం, ఇప్పుడు వాటిని పాత బండ్ల తుక్కు దొడ్లలో వెదుక్కోవాలి. మన అంబాసిడర్ తయారీ 2014లో ఆగినా పల్లెటూరి మెకానిక్కు దానిని నడిపించగలుగుతున్నాడంటే కారణం ఇదే. పేరు పోవచ్చును గానీ పనిముట్టు, పనివాడు మిగిలితే బండి అనాథ కాదు.

వంశంలో మంచితోపాటు రోగాలూ వస్తాయి. ఈ కుటుంబానికి ఉన్నవి ప్రధానంగా రెండు. 2007 నుండి 2009 వరకు వచ్చిన బండ్లలో ఇంజను లోపలి టైమింగ్ గొలుసులు సాగిపోవడం ఒకటి. నూనె సకాలంలో మార్చని బండ్లలో ఇది త్వరగా వస్తుంది. రెండోది గేరుపెట్టెలో ఒక పలక విరిగితే మూడు, ఐదు, వెనుక గేర్లు మూడూ ఒకేసారి పోవడం. శనికి వక్రగతి సహజమంటారు, ఈ రోగం తగిలిన బండికి ఆ వక్రగతే కరువు. ఈ రెండింటిలో ఏది వచ్చినా బాగు చేయించే ఖర్చు బండి ధరకు దగ్గరగా పోతుంది. కొనేవాడు రంగు చూచే ముందు ఈ రెండింటినీ చూడాలి.

ఇవి గాక, 2014 మార్చిలో సీట్ల కింద ఉండే పక్క గాలిసంచుల తీగలు సరిచేయడానికి ఈ కుటుంబానికి చెందిన పదకొండు లక్షలకు పైగా బండ్లను కంపెనీ వెనక్కి పిలిచింది. అందులో 2008 నుండి 2010 దాకా వచ్చిన అవుట్‌లుక్‌లూ ఉన్నాయి. చనిపోయిన పేరుకు కూడా ఆ బాధ్యత తల్లి కంపెనీదే. బండి పదిహేడు అక్షరాల గుర్తింపు సంఖ్య చెప్పితే ఆ పని జరిగినదో లేదో తెలుస్తుంది. మా బండికి జరిగింది.

ఇక మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మనిషి. అంటే ఈ ఒక్క బండి. మా పొరుగాయన ఒకరు మోటారు కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయన వెంట వచ్చారు. నేను చేసినదల్లా కాగితాలు చదవడం. అమ్మే పెద్దమనిషి పదేళ్లకు పైగా రసీదులన్నీ తేదీల వరుసలో ఒక అట్టపెట్టెలో భద్రపరచాడు. గొలుసులు మార్పించిన రసీదు ఉంది. నూనె మార్పు ప్రతి నాలుగైదు వేల మైళ్లకూ తప్పకుండా జరిగింది. ఒక లేఖకుడు ఎంత శ్రద్ధగలవాడో అతని ప్రతిలోని అక్షరాలు చెబుతాయి. ఈ ప్రతిలో గ్రంథపాతం కనబడలేదు.

పొరుగాయన నేలమీద పడుకొని టార్చిలైటు వేసి అడుగుభాగం చూచారు. మిషిగన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బండ్లను కిందినుండి తినివేస్తుంది. పైకి నిగనిగలాడుతూ కింద చట్రం చేతితో తాకితే రాలిపోయేవి ఎన్నో. ఈ బండి అడుగున నల్లగా జిడ్డు అంటుకొని ఉంది. ఏమిటని అడిగితే, ప్రతి శరదృతువులోనూ అడుగంతా నూనె కొట్టించానని ఆ పెద్దమనిషి చెప్పాడు. తుప్పు పట్టకుండా అక్కడివారు చేసే ఏర్పాటు అది. నేను మా ఇంటావిడ వైపు తిరిగి, "మందపల్లిలో మందేశ్వరస్వామికి చేయించేదేమిటి? తైలాభిషేకం! ఈయన ఏటేటా చేయించాడు" అన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. సగం పని అక్కడ అయింది.

తరువాత నడిపి చూశారు. చల్లని ఇంజనును మొదలుపెట్టినప్పుడు ముందువైపు గలగల చప్పుడు లేదు. మూడు, ఐదు, వెనుక గేర్లు తడబడకుండా పడ్డాయి. పైకప్పు అద్దం మూలల్లో తడి మరక లేదు. మా వంతు పరీక్ష కూర్చోవడం. మధ్యవరుస సీటు ముందుకు ముడుచుకొని జరిగి, వెనుక వరుసకు దారి ఇస్తుంది. చీర కట్టుకొని, మోకాళ్లు నొప్పులున్న మా ఇంటావిడ పిడి పట్టుకొని మధ్యవరుసలోకి ఒక్క అంగలో ఎక్కింది. పిల్లలిద్దరూ వెనుకకు పోయినా ఇంకా రెండు బియ్యం బస్తాలకు చోటు మిగిలింది.

లోపాలు లేవని కాదు. కొందరు దీనిని మధ్యస్థాయి వాహనమంటారు గానీ పొడవు 5.1 మీటర్లు. మన మారుతీ 800 పొడవు 3.3 మీటర్లని గుర్తు చేసుకుంటే సంగతి తెలుస్తుంది. వెనుక స్తంభాలు లావు, సందులో వెనక్కి తిప్పడం కష్టం. ఊరిలో గ్యాలనుకు 16 మైళ్ల లెక్క, అంటే లీటరుకు ఏడు కిలోమీటర్ల లోపే.

అన్నిటికీ మించి రక్షణ విషయం. ఆనాటి ప్రభుత్వ ఢీ పరీక్షలలో దీనికి ముందువైపూ పక్కవైపూ అయిదేసి నక్షత్రాలు వచ్చాయి. అయితే 2011 నమూనాల నుండి ఆ పరీక్షలనే మార్చి కఠినం చేశారు. ఆ అయిదూ ఈ అయిదూ ఒకటి కావు. తనంతట తాను బ్రేకు వేసుకునే నేటి సాధనం ఇందులో లేదు. తెల్లవారుజామున నిద్రకళ్లతో నలభై మైళ్లు నడిపి వచ్చే నా కూతురికి ఏ బండి ఇవ్వాలన్నది ధరతో తేలే ప్రశ్న కాదు.

కనుక నా తీర్పు రెండు భాగాలుగా చెప్పాను. బండి కొనదగినదే, ఎందుకంటే దానిని పెంచినవాడు మంచివాడు. ఇదే వయసున్న దాని తోబుట్టువు అకేడియాకు ఇంకొకచోట వెయ్యి డాలర్లకు పైగా ఎక్కువ అడిగారు. ఆ తేడా కేవలం బతికివున్న పేరుకు కట్టే వెల. కానీ దీనిని అల్లుడుగారు ఊరిలో పిల్లలకూ, సరుకులకూ, మాకూ వాడాలి. సాధనాలన్నీ ఉన్న కొత్త చిన్నకారును అమ్మాయి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"అంతేనంటారా, మామయ్యగారూ?" అని అల్లుడుగారు ఒకసారి అడిగి, 3,600 డాలర్లకు బేరం ముగించారు. అప్పు పుట్టలేదు. ఆయనకు ఆ శీతాకాలంలోనే ఉద్యోగం దొరికింది. అది శనిమహిమ అని నేననను, కాదని మా ఇంటావిడ ఒప్పుకోదు. ఏటా అక్టోబరులో అడుగున నూనె కొట్టించడం మాత్రం మానలేదు. ఆ రోజును ఎంచి శనివారం పెట్టించేది ఆమే.

పాత బండి కొనబోయే మిత్రులకు నేను చెప్పగలిగినది ఇంతే. చచ్చిన పేరును చూసి జడవకండి, బతికిన పేరును చూసి మురవకండి. తోబుట్టువులెవరో అడగండి, రసీదులు చదవండి, నేలమీద పడుకొని అడుగు చూడండి. స్వస్తి.