పైపు కోయకుండానే నీటి లెక్క

పైపులో నీళ్ళు ఎంత జోరుగా పోతున్నాయో పైపు బయట నిలబడి చెప్పొచ్చా? చెప్పొచ్చు. నీటి సరఫరా ఇంజనీర్లు చేస్తున్న పనే ఇది. పైపు కోయరు, నీళ్ళు ఆపరు, లోపల చక్రమేదీ పెట్టరు. అరచేతిలో ఇమిడే రెండు బిళ్ళలకు జెల్ పూసి, పైపుకి ఆనించి పట్టీతో బిగిస్తారు. కాసేపటికి చేతిలోని పెట్టె తెరమీద గంటకు ఇన్ని వేల లీటర్లని అంకె కనబడుతుంది. ఆ అంకె ఎలా వచ్చిందో చెబుతాను, వినండి. నాకెంతో ఇష్టమైన కబురు ఇది.

రెండు బిళ్ళల్లో ఒకటి ఎగువన, ఒకటి దిగువన ఉంటాయి. రెండూ పలుకుతాయి, రెండూ వింటాయి. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాల దాకానే వినికిడి. వీటి పలుకు సెకనుకు పది లక్షల కంపనాల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి పక్కనే నిలబడినా మనకేమీ వినపడదు. ఒక్కో బిళ్ళ లోపలా పింగాణీలాంటి చిన్న ముక్క ఉంటుంది. దాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుంది, దానికి విద్యుత్తు ఇస్తే వణుకుతుంది. నొక్కితే విద్యుత్తు పుట్టే ఈ గుణాన్ని స్ఫటికాల్లో 1880లో కనిపెట్టింది జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అన్నదమ్ములు. మీ వంటింట్లో టిక్కుమనిపించి గ్యాస్ పొయ్యి ముట్టించే లైటరులో నిప్పురవ్వ వచ్చేదీ దీనివల్లే.

ఇక అసలు కిటుకు. గోదావరిలో వాలున పోయే పడవ త్వరగా చేరుతుంది, ఎదురెక్కే పడవ ఆలస్యంగా చేరుతుంది కదా. శబ్దమూ అంతే. ఎగువ బిళ్ళ పలికింది దిగువ బిళ్ళకు కాస్త ముందు వినపడుతుంది, దిగువ బిళ్ళ పలికింది ఎగువకు కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ రెండు ప్రయాణాల కాలాల మధ్య తేడాలోనే నీటి వేగం దాగి ఉంది.

తేడా ఎంతనుకుంటున్నారు? 100 మిల్లీమీటర్ల పైపు తీసుకుందాం. లోపల శబ్దం 45 డిగ్రీల వాలుగా దాటుతోంది, నీళ్ళు సెకనుకు ఒక మీటరు చొప్పున పోతున్నాయి. శబ్దం ఒక చివరనుంచి రెండో చివరకు చేరడానికి పట్టేది సెకనులో పదివేలో వంతు లోపే. రాకకూ పోకకూ మధ్య తేడా సెకనులో కోటో వంతు కన్నా కూడా కాస్త తక్కువ! ఆ కోటో వంతును మళ్ళీ ముక్కలు చేసి కొలిస్తేగాని నీటి లెక్క తేలదు. అంత సన్నటి కాలాన్ని చేతిలోని పెట్టె నమ్మకంగా పట్టుకుంటోందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

మీలో ఎవరికో అనుమానం వచ్చే ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే వాటిలో శబ్దవేగమే మారిపోతుంది కదా, మరి లెక్క తప్పదా? మంచి అనుమానం. 20 డిగ్రీల దగ్గర నీటిలో శబ్దం సెకనుకు 1482 మీటర్లు పోతుంది. 30 డిగ్రీల దగ్గర దాదాపు 1509. అంటే ఎండకు వచ్చే తేడాయే 27 మీటర్లు, మనం కొలవాల్సిన నీటి వేగమేమో ఒక్క మీటరు! ఇక్కడే రెండు వైపులా పలికించడంలోని తెలివి బయటపడుతుంది. వాలున పోయిన వేగం అంటే శబ్దవేగం, దానిమీద ప్రవాహం. ఎదురెక్కిన వేగం అంటే శబ్దవేగం, అందులోంచి ప్రవాహం తీసివేత. మొదటిదానిలోంచి రెండోది తీసేయండి. శబ్దవేగం మొత్తం కొట్టుకుపోతుంది, ప్రవాహం రెండింతలై మిగులుతుంది. ఏడో తరగతి లెక్క. ఇంత తేలిగ్గా ఇంత పెద్ద చిక్కు విడిపోవడం భౌతికశాస్త్రంలో తరచుగా దొరికే భాగ్యం కాదు.

అన్నట్టు, నీటిలో శబ్దవేగాన్ని మొదట పద్ధతిగా కొలిచిన కథ వినాలి మీరు. 1826లో జెనీవా సరస్సులో కొలాడన్ అనే శాస్త్రవేత్త ఆ పని చేశాడు. ఒక పడవ కింద నీళ్ళలో గంట కట్టారు. గంట మోగించే మీటకే మందుగుండు వెలిగే ఏర్పాటు. రాత్రిపూట పదమూడున్నర కిలోమీటర్ల దూరంలో ఇంకో పడవలో ఆయన పొడుగాటి రేకుగొట్టాన్ని నీళ్ళలో దించి చెవి ఆనించాడు. మెరుపు కనిపించిన తొమ్మిది సెకన్ల చిల్లరకు గంట వినిపించింది. 8 డిగ్రీల నీటిలో సెకనుకు 1435 మీటర్లని తేల్చాడు. ఈనాటి అంకెకు అది నాలుగైదు మీటర్ల లోపు తేడాలో ఉంది.

ఈ పద్ధతి శుభ్రమైన నీళ్ళకు సరిగ్గా పనిచేస్తుంది. మురుగునీటిలో, బురదలో శబ్దం అవతలి గట్టు చేరేలోపే చెదిరిపోతుంది. అలాంటిచోట ఆ మట్టి రేణువుల మీద, బుడగల మీద తగిలి వెనక్కొచ్చే శబ్దంలో కంపనాల మార్పు చూస్తారు. 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం అది. గర్భిణులకు చేసే డాప్లర్ స్కానులో రక్తకణాల పరుగు చూసేదీ దాంతోనే.

చక్రం తిరిగే పాత మీటర్ల మాట కూడా చెప్పాలి. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే ఊళ్ళలో, నీళ్ళకన్నా ముందు పైపులోని గాలి తోసుకొస్తుంది. ఆ గాలికే చక్రం గిరగిరా తిరిగి బిల్లు పెరుగుతుంది. తిరిగి తిరిగి అరిగిన చక్రమేమో సన్నటి ధారకు కదలదు. శబ్దపు మీటరుకు ఈ రెండు జబ్బులూ లేవు. గాలి నిండితే ఆ సన్నటి శబ్దం అవతలకి చేరదు, మీటరు లెక్క ఆపేస్తుంది.

అయితే ఈ మీటరు పైపు గురించి మనం చెప్పిందే నమ్ముతుంది, అది మరిచిపోకూడదు. అది కొలిచేది వేగాన్ని. దాన్ని లీటర్లుగా మార్చాలంటే పైపు లోపలి వైశాల్యం కావాలి, ఆ కొలత మనమే ఇవ్వాలి. 100 మిల్లీమీటర్ల పైపులో చుట్టూ 3 మిల్లీమీటర్ల సున్నం పేరుకుందనుకోండి, మిగిలేది 94. వైశాల్యం దాదాపు 12 శాతం తగ్గిపోయింది. అది చెప్పకపోతే మీటరు లేని నీళ్ళను లెక్కగడుతూనే ఉంటుంది. పైపు మలుపు (ఎల్బో) పక్కనే బిగిస్తే లోపల నీళ్ళు సుడి తిరుగుతూ ఉంటాయి, అంకె నిలకడగా ఉండదు. అందుకే ముందు పైపు వ్యాసానికి పది రెట్లు, తర్వాత ఐదు రెట్లు తిన్నని పైపు ఉండాలంటారు. అడ్డంగా పోయే పైపుకి బిళ్ళలు పక్కలకే బిగించాలి. నడినెత్తిన గాలి చేరుతుంది, అడుగున మట్టి చేరుతుంది. పైపు నిండుగా పారడం సరేసరి. అనుభవమున్న మనిషి ముందు పైపును తట్టి, తుప్పు గీకి, రంగు చెక్కి, గోడ మందం కొలుస్తాడు. ఆ తర్వాతే మీటరు పెట్టె తెరుస్తాడు. నా దృష్టిలో కొలత అక్కడే సగం అయిపోయింది.

ఎందుకింత శ్రద్ధ అంటారేమో. హైదరాబాదు తాగే కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు వస్తాయి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాదేమో సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. అంటే అక్కడి కుళాయి కింద బిందె నింపే ఆ నీళ్ళను 300 మీటర్లకు పైగా మోటార్లు ఎత్తిపోశాయి. అన్ని మెట్లెక్కిన నీళ్ళు మన ఓవర్‌హెడ్ ట్యాంకు దిగువన పగిలిన జాయింటులోంచి కారిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ కారడం ఎవరి కంటా పడదు, లెక్కలోనే పడాలి.

కాబట్టి ఒక మాట. మీ అపార్టుమెంటులో ఈ మీటర్లు పెట్టించబోతుంటే, తిన్నని పైపు ఎక్కడుందో ముందు చూపించమనండి. పైపు లోపలి వ్యాసం కొలిచి రాశారా, పైపు మీది అక్షరాలు చూసి రాశారా అని అడగండి. పెట్టాక ఓ రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య, అందరూ నిద్రపోతున్నప్పుడు, ట్యాంకు నుంచి కిందికి దిగే పైపు మీద అంకె చూడమని వాచ్‌మన్‌కి చెప్పండి. సున్నా దగ్గరకు రాకపోతే ఎక్కడో కారుతోందన్నమాట. తెల్లారగానే ప్లంబరును పిలవండి.