పేరు తెలియని పూవు

పూవువలె నుండి పూవు కానివి, కదలకుండ నుండియు వేటాడునవి సముద్రమునందు గలవు. వానిని ఆంగ్లేయులు సీ అనిమోనులందురు. అనిమోను అనునది మొదట నొక నేలపూవు పేరు. ఈ జీవికి రాతిని పట్టుకొను అడుగును, స్తంభమువంటి దేహమును, నోటిచుట్టు వ్రేళ్లవంటి స్పర్శకములును గలవు. తినుటకును విసర్జించుటకును నోరొక్కటియే ద్వారము. స్పర్శకముల నిండ విషపుసూదులు గల సూక్ష్మకణము లుండును. పగడము, జెల్లీచేప దీనికి దాయాదులు.

మా పూర్వవిద్యార్థి యొకడు, జాలరి కుమారుడు, వీపున గాలితిత్తి కట్టుకొని విజయనగరము జిల్లా చింతపల్లి బండలయొద్ద మునుగుచుండును. గడచిన మార్చి నెలలో నతడు మాకొక ఛాయాచిత్రము దెచ్చెను.

"మాస్టారూ, అడుగునీరు వణికించినది. ఈ పూవు పేరేమండి?"

ఆ చలికి కారణము గలదు. ఆ దినములలో నైరృతిగాలి తీరము వెంబడి వీచి పైనీటిని లోపలి సముద్రమునకు త్రోయగా, క్రింది చల్లనినీరు పైకి వచ్చును. దీనిని 1950వ దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు లాఫాండు పండితుడు పరిశోధించెను.

పేరు చెప్పుట మాత్రము సులభము కాదు. స్టీఫెన్సను పండితుడు 1928, 1935 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించిన బ్రిటిషు అనిమోనుల గ్రంథమునందలి యొక పటము రంగున దీనిని బోలియుండెను. పాఠశాల ప్రదర్శనమున ఆ పేరే వ్రాయవలెనని బాలురు తొందరపడిరి. మేము సమ్మతింపలేదు. ఒకే జాతి పలురంగుల నుండవచ్చును. వేఱు జాతులు ఒకే రంగున నుండవచ్చును. స్పర్శకము లెన్ని వరుసలో, దేహము నునుపో బుడిపెలు గలదో, లోని కండరములును విషకణములును ఎట్టివో చూడవలెను. 1869లో స్టోలిచ్కా పండితుడు వంగదేశమున పోర్టు కానింగు ఉప్పునీటి అనిమోనును వర్ణించినపుడు దాని లోనిర్మాణమును గూడ పరిశీలించెను.

"అయితే దానిని పెరికి తెమ్మందురా?" అని యతడడిగెను. ఫార్మలినులో వేసిన రంగు పోవును, దేహము ముడుచుకొనును. అచ్చట నున్నది యొక్కటియే. నిర్ణయమును మేమతనికే విడిచితిమి. అతడు రిక్తహస్తములతో మరల దిగి, ప్రక్కనుండి చూచి వచ్చెను. దేహము నిండ బుడిపెలు, వానికి ఇసుకరేణువులును గుల్లముక్కలును అంటియున్నవట! పటములోని జాతి దేహము నునుపైనది. ఆ పేరు చెల్లలేదు.

ప్రదర్శనమున చిత్రము క్రింద "పేరు తెలియదు" అని వ్రాసి, స్థలమును, మాసమును, లక్షణములను చేర్చితిమి. వచ్చిన పెద్దమనుష్యు డొకడు "పేరు లేనిదానిని ఏల పెట్టితిరి?" అని నవ్వెను. మా జాలరి కుమారుడు గడియసేపు ఆ బుడిపెలను, ఇసుకను, చన్నీటిని వర్ణించెను. ఆయన నవ్వు మాని కండ్లద్దములు సవరించుకొని చిత్రమువైపు వంగెను.

విద్యార్థులారా! పరుల పేరు తగిలించుటకంటె మీరు చూచినదానిని చూచినట్లు వ్రాసి యుంచుడు. రేపు పేరు పెట్టగల పండితునకు ఆ వ్రాతయే ఆధారమగును.