పేట నుంచి నందిగామ.. ఒక్క చార్జింగ్ దూరం

"కారు ఇంటి ముందే ఉంది. రెండు రోజులే టైం ఇచ్చాడు. శుక్రవారం రాత్రికల్లా దిగిపో" అన్నాడు అన్నయ్య ఫోన్లో.

అన్నయ్య అంటే మా పెదనాన్న కొడుకు. ఇల్లు జగ్గయ్యపేటలో, ఎరువుల కొట్టు నందిగామలో. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే ఇంజనీర్ని. కార్ల గురించి నాకు తెలిసింది చాలావరకు యూట్యూబ్ చెప్పిందే. కానీ మా ఇంట్లో ఇంజనీర్ అంటే ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి రాకెట్ దాకా అన్నీ తెలిసినోడని లెక్క.

కారు వోల్వో ఎక్స్‌సీ90 టీ8. సెకండ్ హ్యాండ్. ప్లగ్ ఇన్ హైబ్రిడ్. 2016లో ఈ టీ8 మన దేశానికి మొదటిసారి వచ్చినప్పుడు ఎక్స్ షోరూం ధర 1.25 కోట్లు. ఇప్పుడు ఓనరు చెబుతున్న రేటు అందులో మూడో వంతు కూడా లేదు. "చౌకగా వస్తోందిరా" అంటున్నాడు అన్నయ్య. ఆ చౌక డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందంటే, హైవేకి దగ్గర్లో పెదనాన్న వదిలిపోయిన అరెకరం మిరప చేను అమ్మితే.

వదిన కాఫీ ఇస్తూ మెల్లిగా అంది: "నువ్వు బాగుందంటే సోమవారమే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. చూసి చెప్పు." ఆ కాఫీ సగమే దిగింది నాకు.

అసలు ఈ బండి ఏంటో రెండు ముక్కల్లో చెప్తా. ముందు చక్రాలకి రెండు లీటర్ల పెట్రోల్ ఇంజన్. దానికి టర్బో, సూపర్‌చార్జర్ రెండూ ఉంటాయి. వెనక చక్రాలకి విడిగా ఎలక్ట్రిక్ మోటార్. ముందుకీ వెనక్కీ మధ్య షాఫ్ట్ ఉండదు, అది ఉండాల్సిన చోట బ్యాటరీ కూర్చుంటుంది. మామూలు హైబ్రిడ్ బ్యాటరీ తనంతట తనే నిండుతుంది. దీన్ని మాత్రం గోడకున్న సాకెట్‌కి పెట్టి నింపుకోవచ్చు. బ్యాటరీ పట్టేది పది యూనిట్ల కరెంటు, కాస్త అటూ ఇటూ. కాగితం మీద ఒక్క చార్జింగ్‌కి నలభై కిలోమీటర్ల దాకా పెట్రోల్ చుక్క కాలకుండా పోవాలి.

అన్నయ్య ప్లాన్ ఇక్కడే ఉంది. పేట నుంచి నందిగామ దాదాపు 30 కిలోమీటర్లు. రాత్రి ఇంట్లో చార్జింగ్, పొద్దున కరెంటు మీద కొట్టుకి. పగలు కొట్టు దగ్గర చార్జింగ్, సాయంత్రం మళ్లీ కరెంటు మీద ఇంటికి. పెట్రోల్ బంక్ మొహం చూడక్కర్లేదు. పెద్ద కారు, చిన్న ఖర్చు. వినడానికి నాకూ బాగానే ఉంది.

రాత్రి భోజనాలయ్యాక వరండాలో ఏసీ కోసం పెట్టిన 16 ఆంప్స్ సాకెట్‌లో కేబుల్ పెట్టాం. కేబుల్ మధ్యలో చిన్న డబ్బా ఉంటుంది. దాని మీద ఎర్ర లైటు వెలిగింది. తీసి మళ్లీ పెట్టాం. మళ్లీ ఎరుపే. అన్నయ్య ప్లగ్గుని ఒక గుద్దు కూడా గుద్దాడు. ఎరుపే.

"బండి పాడైనట్టుందిరా" అన్నాడు. వదిన మొహంలో చిన్న వెలుగు కనిపించిందని నా అనుమానం.

బండికేం కాలేదు. మాన్యువల్ తిరగేస్తే తెలిసింది, ఎర్త్ లేకపోతే ఆ డబ్బా కరెంటుని లోపలికి రానివ్వదు. మన ఇళ్లలో సాకెట్‌కి మూడు బెజ్జాలుంటాయి గానీ పై బెజ్జానికి వెనక వైరు ఉందో లేదో ఎవరు చూస్తారు? ఫ్రిజ్ నడుస్తుంది, టీవీ నడుస్తుంది, మోటార్ నీళ్లెక్కిస్తుంది. లేదని చెప్పేది ఎవరు? ఈ కారే మొదటిసారి చెప్పింది.

శనివారం పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూశాడు. వెలగలేదు. "కట్టినప్పుడు వేసే ఉంటారండి. పైపు తుప్పు పట్టిపోయుంటది" అన్నాడు. కొత్తగా గొయ్యి తీయాలి, పైపు దించాలి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వెయ్యాలి. మూడువేల ఐదొందలు అడిగాడు. కోటి రూపాయల కారుకి ఉప్పు, బొగ్గు మందేంటని అన్నయ్యకి కాసేపు నమ్మకం కలగలేదు.

గొయ్యి తవ్వేలోపు ఖాళీగా ఎందుకని వేదాద్రి బయల్దేరాం. బ్యాటరీ ఖాళీ కాబట్టి పెట్రోల్ మీదే. వెనక సీట్లో నాయనమ్మ.

వేదాద్రి కృష్ణ ఒడ్డున, పేటకి దక్షిణంగా. యోగానంద నరసింహస్వామి గుడి, పంచ నారసింహ క్షేత్రం అంటారు. ఈ దారి మీద కారు టెస్ట్ చేస్తే చాలు, ఇంకెక్కడా చెయ్యక్కర్లేదు. ఈ చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ, అన్నీ సిమెంటు ఫ్యాక్టరీలు. రాయి లారీలు, సిమెంటు లారీలు తిరిగి తిరిగి రోడ్డు ఎక్కడికక్కడ పళ్లెంలా దిగిపోయి ఉంటుంది. మా నాన్న పాత కారులో వెళ్తే నాయనమ్మ "అమ్మా, అయ్యా" అంటూనే ఉంటుంది. ఇందులో ఎయిర్ సస్పెన్షన్. రెండు టన్నులు దాటిన బండి గుంటలో దిగి లేస్తే లోపల మంచినీళ్ల సీసా కదిలిందంతే. నాయనమ్మ నిద్రపోయింది. ఆటో రివ్యూల్లో మార్కులు వేస్తారే, మా ఇంటి లెక్కలో ఇది పదికి పది.

దారిలో అన్నయ్య ధనబోడు చూపించాడు. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం ఉన్న గుట్ట. మాంధాత చక్రవర్తి శిల్పం దొరికింది ఇక్కడే. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. చుట్టూ ఆయన రత్నాలు: ఏనుగు, గుర్రం, చక్రం, ఇంకా అన్నీ. రెండు వేల ఏళ్ల కిందట కూడా ఈ ఊళ్లో గొప్పోడంటే గుర్తు వాహనమే అన్నమాట. అన్నయ్యతో ఆ మాటంటే "చూశావా మరి" అన్నాడు. నేను వేరే అర్థంలో అన్నాను.

సాయంత్రానికి గొయ్యి పూడ్చి, రెండు బిందెల నీళ్లు పోసి, ఎలక్ట్రీషియన్ బల్బు పెట్టాడు. భగ్గున వెలిగింది. కేబుల్ పెడితే ఎర్ర లైటు పోయింది. ఇంటి వైరింగ్ పాతది కదా అని 10 ఆంప్స్‌కే సెట్ చేశాను. అంటే 2.3 కిలోవాట్లు. నిండడానికి దాదాపు ఐదు గంటలు. నాయనమ్మ మంచం మీద నుంచి చూస్తూ "రాత్రంతా దీనికి మేతా?" అంది. తిరుపతమ్మ తిరునాళ్లకి పెనుగంచిప్రోలు బండి కట్టుకుని పోయే రోజుల్లో ముందు రాత్రి ఎడ్లకి ఇలాగే ఉలవలు పెట్టేవాళ్లట. ప్లగ్ ఇన్ హైబ్రిడ్ గురించి ఇంతకంటే బాగా నేను ఎక్కడా వినలేదు.

ఇంతకీ ఆ మేత ఎక్కడిది? మాకు దగ్గర్లో పెద్ద కరెంటు ఫ్యాక్టరీ అంటే ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ స్టేషనే. బొగ్గు. పొగ మన వీధిలో రాదు, అంతవరకు నిజం.

ఆదివారం పొద్దున ఏడింటికి అసలు పరీక్ష. ప్యూర్ మోడ్, అంటే ఇంజన్‌ని వీలైనంత సేపు లేపొద్దని. స్టీరింగ్ నాది, పక్కన అన్నయ్య, వెనక నాయనమ్మ, వదిన. పేట వీధుల్లోంచి శబ్దం లేకుండా వెళ్తుంటే ముందు నడిచేవాళ్లు తప్పుకోవడం లేదు. హారన్ కొట్టాలంటే మొహమాటం. "ఇంజన్ ఆగిపోయినట్టుందేంట్రా?" అని నాయనమ్మ మూడుసార్లు అడిగింది. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాం. ఫిబ్రవరి కదా, రోడ్డుకి అటూ ఇటూ కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. నేల మీద ఎర్ర దుప్పటి పరిచినట్టు. అద్దం దించితే ఘాటు. ఇంజన్ చప్పుడు లేకపోవడంతో కల్లంలో కూలీల మాటలు కూడా వినిపించాయి. పుట్టినప్పటి నుంచి తిరిగే దారిలో అది నాకు కొత్త.

80 దాటనివ్వలేదు. లారీలన్నీ మమ్మల్నే దాటుకుంటూ పోయాయి. 400 హార్స్‌పవర్ బండిలో కూర్చుని ఇటుకల ట్రాక్టర్ వెనక ఓపిగ్గా పోవడం ఒక రకం తపస్సు. కొణకంచి అడ్డరోడ్డు దాటేసరికి బ్యాటరీ సగం కిందికి దిగింది. ఏసీ తగ్గించాను. నాయనమ్మ పెంచమంది. పెంచాను.

అంబారుపేట దగ్గర ఇంజన్ లేచింది. చిన్న గుర్రుమన్న శబ్దం, అంతే. నందిగామ ఇంకా కొద్ది కిలోమీటర్లే. అన్నయ్య స్క్రీన్ వైపు, తర్వాత నా వైపు చూశాడు, నేనేదో తప్పు చేసినట్టు. తప్పేం లేదు. కంపెనీలు చెప్పే రేంజ్ ల్యాబ్‌లో, మెల్లగా, ఆగుతూ నడిపితే వచ్చేది. హైవేలో నిలకడగా 80 అంటే గాలి ఒత్తిడే సగం తినేస్తుంది. బ్రేక్ వేసినప్పుడు తిరిగి నిండే కరెంటు కూడా దాదాపు ఉండదు. పైగా నలుగురం, ఏసీ, వయసైన బ్యాటరీ.

అసలు చిక్కు కొట్టు దగ్గర. అద్దె షాపు, మెయిన్ రోడ్డు. కారు ఎదురుగా పెట్టాలి, సాకెట్ లోపల. మధ్యలో జనం నడిచే దారి. కేబుల్ పరిచిన పది నిమిషాల్లో యూరియా బస్తా మోస్తున్న కుర్రాడు తట్టుకుని పడబోయాడు. ఓనరు పైనుంచి తొంగి చూసి "మీటర్ నా పేరు మీదుందయ్యా" అన్నాడు. చుట్టేశాం. అంటే పగటి చార్జింగ్ లేనట్టే. తిరుగు ప్రయాణం పెట్రోల్ మీద.

పోయేటప్పుడు అన్నయ్య ఇంకో మాటన్నాడు. 2023 జూలైలో, మళ్లీ 2024 సెప్టెంబర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికొచ్చినప్పుడు హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి కదా, "ఇదైతే దాటేసేదిరా" అని. ఆర్టీసీ బస్సులనే ఆపేసిన నీళ్లు అవి. బండి ఎంత ఎత్తున్నా పారే నీళ్లలో తేలిపోతుందని చెప్తే నా ఉత్సాహం చచ్చిపోయిందన్నాడు.

మధ్యాహ్నం ఎరువుల బిల్లు వెనక లెక్క వేశాం. ఒక చార్జింగ్‌కి నష్టాలతో కలిపి 11 యూనిట్లు. ఇంటి మీటర్ నెలకి ఎప్పుడూ 200 దాటుతుంది, కాబట్టి ఈ యూనిట్లు పడేది మన స్లాబుల్లో పైవాటిలో, 8.75, 9.75 రూపాయల దగ్గర. దాదాపు వంద రూపాయలకి పాతిక పైచిలుకు కిలోమీటర్లు. కిలోమీటరుకి నాలుగు రూపాయల లోపు. పెట్రోల్ మీద మాకు లీటరుకి 11 వచ్చింది. లీటరు 110 అనుకుంటే కిలోమీటరుకి పది. ఒకవైపే చార్జింగ్ కాబట్టి నెలకి మిగిలేది నాలుగు, ఐదు వేలు. టైర్ల సెట్టు, ఎయిర్ సస్పెన్షన్ రిపేరు, ఒకనాటికి బ్యాటరీ.. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఏళ్ల పొదుపు ఊడ్చిపెట్టుకుపోతుంది.

ఇది మా ఒక్కరి కథ కాదు. యూరోపియన్ కమిషన్ 2024లో అక్కడి రోడ్ల మీది కార్ల అసలు లెక్కలు తీస్తే, ప్లగ్ ఇన్ హైబ్రిడ్లు ల్యాబ్ అంకె కంటే సగటున మూడున్నర రెట్లు ఎక్కువ పొగ వదులుతున్నాయని తేలింది. అనుకున్నంతగా ప్లగ్ పెట్టకపోవడం, కరెంటు మీద తక్కువ తిరగడం వల్లే. ఇక్కడి ప్రభుత్వం కూడా వీటిని ఎలక్ట్రిక్ కింద చూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి పెద్ద హైబ్రిడ్‌కి జీఎస్టీ 40 శాతం, పూర్తి ఎలక్ట్రిక్ కారుకి 5 శాతం. 2022లో బీఎండబ్ల్యూ 2.60 కోట్లకి ఎక్స్‌ఎం దించింది. అది ప్లగ్ ఇన్ హైబ్రిడే. అలాంటివి కొనేవాళ్లు కరెంటు బిల్లు వెనక లెక్కలు వెయ్యరు. మనం వేస్తాం.

"మరి బాగాలేదంటావా?" అన్నాడు అన్నయ్య.

బాగుంది. అదే కష్టం. ఖాళీ రోడ్డు మీద పవర్ మోడ్‌లో ఒక్కసారి తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయింది, నేను చిన్నపిల్లాడిలా అరిచాను. వేదాద్రి దారిలో నాయనమ్మ నిద్రపోవడం నేను మొదటిసారి చూశాను. ఇవన్నీ చెప్పాను. నువ్వు కొంటే కారుగా కొను, పొదుపుగా కొనకు, పొదుపు కోసమైతే చేను అమ్మకు అని కూడా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. కొట్టు మూసే టైంకి, "నాన్న ఉన్నప్పుడు ఈ హైవే మీద లారీ ఎక్కించుకోమని చెయ్యెత్తి నిలబడేవాళ్లంరా" అన్నాడు. దానికి నా దగ్గర లెక్క లేదు.

సోమవారం పొద్దున ఓనరు మనిషి వచ్చి కారు తీసుకెళ్లాడు. అడ్వాన్స్ ఇవ్వలేదు. వద్దనీ చెప్పలేదు. వారం టైం అడిగాడట.

నిన్న వదిన ఫోన్ చేసింది. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే ఎప్పుడూ చిన్నగా జిల్లుమనేది. చెప్పులేసుకుని తీయడం అందరికీ అలవాటైపోయింది, అదో జబ్బని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు నాయనమ్మ ఉత్త కాళ్లతో తీస్తోందట. గొయ్యి ఎండిపోకుండా వారానికో బిందె నీళ్లు పోసే పని కూడా ఆవిడే పెట్టుకుందట.