మా జీపు కథ: తొమ్మిదేళ్లు నిద్రపోయిన బండిని లేపాం

పోస్టు పెద్దదే, రాత్రి మెస్ అయిపోయాక తీరిగ్గా చదవండి. "జీపు ఫోటో స్టేటస్‌లో పెట్టారు, ఎవరిదిరా, ఎంతయ్యిందిరా" అని చాలామంది అడిగారు. ఒక్కొక్కళ్లకీ చెప్పే బదులు ఇక్కడే మొత్తం రాసేస్తున్నాం.

మేము అంటే నలుగురం. చింతపల్లి వైపు ఒకే పంచాయతీ వాళ్లం, పాడేరులో డిగ్రీ, హాస్టల్లో ఒకే గది. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. మాలో ఒకడి నాన్న ఈ జీపుకి డ్రైవరు. ఎవరి నాన్న అని అడక్కండి, ఈ కథలో నలుగురికీ నాన్నే.

నాన్న 11 ఏళ్లు నర్సీపట్నం షావుకారి దగ్గర పని చేశాడు. మన సంతలకి సరుకు తెచ్చి అమ్మేవాడు ఆ షావుకారు. వారంలో నాలుగు రోజులు లంబసింగి ఘాట్ ఎక్కడం దిగడమే నాన్న పని. జీతం తక్కువ. కానీ బండి తాళం మాత్రం పగలూ రాత్రీ నాన్న మొలతాడుకే ఉండేది. మా చిన్నప్పుడు సంత రోజు ఆ హారన్ వినపడితే చాలు, ఊళ్లో పిల్లలందరం తారురోడ్డు దాకా పరిగెత్తేవాళ్లం. 2016లో షావుకారికి ఒంట్లో బాగోలేక వ్యాపారం ఆపేశారు. బండిని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టారు. మరుసటి ఏడు ఆయన పోయారు. నాన్న ఇంటికొచ్చి మళ్లీ కాఫీ తోట, పసుపు పనుల్లో పడిపోయాడు. జీపు మాట ఎప్పుడూ ఎత్తలేదు. తాళం చెవుల్లో ఒకటి మాత్రం ఇంట్లో మేకుకి అలాగే వేలాడుతూ ఉండేది. తిరిగి ఇవ్వమని వాళ్లు అడగలేదు, ఈయన ఇవ్వలేదు.

బండి మహీంద్రా ఎంఎం 540. ఈ మోడల్ 1985లో వచ్చింది. మాది 1995 రిజిస్ట్రేషన్. 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే ఏర్పాటు. పాత బండి అనగానే "వింటేజ్ కారా అన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. కాదు తమ్ముడూ. 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ అనాలంటే 50 ఏళ్లు దాటాలి. పైగా అలాంటి బండిని రోజూ తిప్పుకోడానికి ఒప్పుకోరు. మాకు కావల్సింది షోకేసులో పెట్టుకునే బండి కాదు, ఊరికి పనికొచ్చేది.

ఎందుకు కావాలో మన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా ఊరు తారురోడ్డుకి 6 కిలోమీటర్లు. మట్టిదారి ఉంది, మధ్యలో ఒక గెడ్డ. ట్రాక్టరు వస్తుంది, ఆటో రాదు. జ్వరమైనా, పురుడైనా డోలీయే.

మొన్న సంక్రాంతి సెలవులకి ముందు షావుకారి పెద్దబ్బాయి షెడ్డు పడగొడుతున్నారని తెలిసింది. జీపుని పాత ఇనుముకి వేసేస్తారట. ఆ మాట విన్న రోజు నాన్న అన్నం సగంలో లేచిపోయాడు. ఏమీ అనలేదు. మేమే వెళ్లి అడిగాం. తూకం వేసేవాడు 38 వేలు అన్నాడట, మాకు 40 వేలకి ఇస్తామన్నారు. నాలుగు ఇళ్ల కాఫీ డబ్బులూ, మిరియాల డబ్బులూ కలిపాం. మా తాత ఒక్కడే ఒప్పుకోలేదు. "ఇనుము కొంటారేటిరా, ఇనుముకి ఈత ఉంటాదా, పాలిస్తాదా? ఆ డబ్బుతో ఒక జత ఎడ్లు కొనండి" అన్నాడు. ఆయన లెక్క తప్పని ఇప్పటికీ మేము అనడం లేదు.

బండిని ఖాళీ లారీలో ఘాట్ ఎక్కించాం. తారురోడ్డు దగ్గర దించాక అసలు సంగతి మొదలైంది. టైర్లు చదును అయిపోయాయి, బ్రేకులు పట్టుకుపోయాయి. డ్రమ్ములు సుత్తితో కొట్టి వదులు చేశాం. వదులయ్యాక బ్రేకే లేదు! చివరికి తాత ఎడ్లు, పక్కింటి ఎడ్లు, రెండు జతలు కట్టి లాగాం. ఎత్తు వచ్చినప్పుడల్లా ఇద్దరు పిల్లలు రాళ్లు పట్టుకుని వెనక నడిచేవాళ్లు, బండి ఆగిన చోటల్లా చక్రం వెనక రాయి పెట్టడానికి. 6 కిలోమీటర్లకి పొద్దున్న నుంచి సాయంత్రం దాకా పట్టింది. "సూసారా, ఎడ్లే లాగినాయి" అని తాత ఊరంతా చెప్పుకున్నాడు.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. రెండో రోజు నాన్న తోటకి వెళ్లినప్పుడు ఆగలేక ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి పెట్టి స్టార్టు కొట్టాం. "టక్" మంది, అంతే. మళ్లీ కొట్టాం. వైరు నుంచి పొగ. అప్పటికీ బుద్ధి రాక, వాలులో తోసి గేరు వేసి స్టార్ట్ చేద్దాం అనుకున్నాం. క్లచ్చి ప్లేటు తుప్పుకి అతుక్కుపోయి ఉందని మాకు తెలీదు. నాన్న వచ్చి చూసి కేక వేశాడు. మా మీద ఆయన అరవడం అదే మొదటిసారి.

తర్వాత నర్సీపట్నం నుంచి మెకానిక్ మావ వచ్చాడు. షావుకారి కాలం నుంచి ఈ బండి చూసినవాడే. ఆయన మొదట స్పానర్ ముట్టుకోలేదు. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి లోపల చెయ్యి పెట్టాడు. ఎలక గూడు వచ్చింది: గడ్డి, గోనె పీచులు, సీటు స్పాంజి. "ఇది ఇంజిన్లోకి పీల్చుకుని ఉంటే మీ 40 వేలు అక్కడే సరి" అన్నాడు. తర్వాత చెప్పిన మాట మేము మర్చిపోం. "జ్వరపడి లేచినోడికి ముందు గంజి పడతారా, బిర్యానీ పెడతారా? బండి కూడా అంతే."

ఆయన చేసిన వరస రాస్తున్నాం. ఎవరికైనా పనికొస్తుంది, పాత బండి ఏదైనా దాదాపు ఇదే.

ముందు హీటర్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లోకి కొంచెం ఇంజిన్ ఆయిలు, కొంచెం డీజిలు కలిపి పోశాడు. మూడు రోజులు అలాగే వదిలేశాం. ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్లో పిస్టన్ రింగులు గోడలకి పట్టుకుపోతాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. నాలుగో రోజు ముందు పుల్లీ నట్టుకి పెద్ద స్పానర్ వేసి చేత్తో తిప్పాం. కదల్లేదు. నాన్న తను పడతానన్నాడు. ముందుకి కాస్త, వెనక్కి కాస్త, ఊయల ఊపినట్టు అరగంట ఊపాడు. ఉన్నట్టుండి వేలెడు కదిలింది. సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది.

తర్వాత ట్యాంకు దించాం. పాత డీజిలు నల్లగా, జిగటగా, చింతపండు పులుసులా వచ్చింది. అడుగున నీళ్లు, తుప్పు. కడిగి, రెండు చోట్ల చిల్లులకి వెల్డింగ్ పెట్టించాం. డీజిల్ ఫిల్టరు, ఆయిల్ ఫిల్టరు, ఇంజిన్ ఆయిలు కొత్తవి. రేడియేటర్‌లోంచి ఎర్రనీళ్లు పోయి మంచినీళ్లు వచ్చేదాకా కడిగాం. బ్రేకు మాస్టర్ సిలిండర్‌లో, నాలుగు చక్రాల సిలిండర్లలో రబ్బర్లన్నీ మార్చాం. బ్రేకు ఆయిలు గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. ఏళ్ల పాటు ఉంటే లోపలే తుప్పు పట్టిస్తుంది. అందుకే పైనించి కొత్త ఆయిలు పోసి చేతులు దులుపుకోకూడదు. టైర్లు చూడ్డానికి గుండీలు బాగానే ఉన్నా పక్కన పగుళ్లు వచ్చాయి, మార్చేశాం. ఎలకలు కొరికిన వైర్లు ఒకదాని వెంట ఒకటి వెతికి వేశాం. మాలో ఫిజిక్స్ చదివేవాడికి పుస్తకంలో సర్క్యూట్ ఆ రోజు అర్థమయ్యింది.

సెలవులు అయిపోయాయి, హాస్టల్‌కి వచ్చేశాం. స్కాలర్‌షిప్ డబ్బులు ఇంకా పడలేదు, సామాన్లకి డబ్బుల్లేవు. ఫిబ్రవరి, మార్చి బండి ఇంటి ముందు రాళ్ల మీద నిలబడి ఉంది. చక్రాలు లేవు, బానెట్టు లేదు. కోళ్లు అందులో గుడ్లు పెట్టాయి.

ఏప్రిల్లో పరీక్షల ముందు రెండు రోజులకి ఊరెళ్లాం. ఆ రాత్రే మా చిన్నమ్మకి నొప్పులు మొదలయ్యాయి. నెల ముందే. 108కి ఫోన్ చెయ్యాలంటే గుట్ట ఎక్కాలి. ఒకడు ఎక్కి చేశాడు, తారురోడ్డు దగ్గరికి తెమ్మన్నారు. వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ ఎత్తాం. ఇంటి నుంచి దారి మీదికి వెళ్లాలంటే జీపు పక్కనుంచే వెళ్లాలి. టార్చి వెలుగులో అది రాళ్ల మీద అలా కనపడింది. ఎవ్వరం మాట్లాడలేదు. గెడ్డ దాటేటప్పుడు చిన్నమ్మ చెయ్యి చాచి మాలో ఒకడి చొక్కా పట్టుకుంది. రోడ్డెక్కేదాకా వదల్లేదు. రెండు గంటలు పట్టింది. తెల్లారి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

తిరిగొచ్చేటప్పుడు మాలో మాకు గొడవ అయ్యింది. ఒకడు అన్నాడు: "40 వేలు పెట్టి కోళ్ల గూడు కొన్నాం. తాత చెప్పిందే నిజం." ఇంకొకడు అన్నాడు: "జీపు నడిచినా వానాకాలం గెడ్డ దాటదు. మనకి కావల్సింది జీపు కాదు, కల్వర్టు." రెండు మాటలూ నిజమే. జవాబు ఎవరి దగ్గరా లేదు. ఆ వారంలోనే రెండు పనులు చేశాం. ఒకటి, గ్రామసభలో కల్వర్టు కోసం తీర్మానం రాయించి, అర్జీ మేమే రాసి ఇచ్చాం. రెండు, పరీక్షలయ్యాక నలుగురం నెల రోజులు కూలికి వెళ్లి మిగతా సామాన్లు తెచ్చాం.

మే నెలాఖరున బండి లేచింది. ఫిల్టర్ పైన బోల్టు వదులు చేసి చేతి పంపు కొడుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, తర్వాత స్వచ్ఛమైన డీజిలు. గాలి మొత్తం పోయేదాకా డీజిల్ బండి లేవదు. హీటరు పట్టి, కాస్త ఆగి, నాన్న తాళం తిప్పాడు. మేకుకి వేలాడిన ఆ పాత తాళమే. రెండుసార్లు దగ్గింది. మూడోసారి తెల్లటి పొగ ఇల్లంతా కమ్మేసి, పొగలోంచి ఆ శబ్దం వచ్చింది. కోళ్లు పారిపోయాయి, పిల్లలు అరిచారు. నాన్న దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తాత మాత్రం దగ్గరికొచ్చి బానెట్టు మీద చెయ్యి వేసి "ఒళ్లు కాలతంది, ఆపండ్రా, నీళ్లు తాగించండి" అన్నాడు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది ఇంజిన్ కన్నా కష్టం, మన పిల్లలు తప్పకుండా తెలుసుకోవాలి. ఆర్‌సీ చనిపోయినాయన పేరు మీద ఉంది. కొడుకు అమ్మితే నేరుగా మన పేరుకి రాదు. ముందు ఫారం 31తో వారసుడి పేరు మీదికి రావాలి, దానికి మరణ ధ్రువపత్రం కావాలి. తర్వాత ఫారం 29, 30తో మన పేరు మీదికి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ప్రతి 5 ఏళ్లకీ ఫారం 25తో రెన్యువల్. మా బండిది 2020లోనే అయిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి రెన్యువల్ ఫీజు 5,000, ఆలస్యానికి నెలకి 500. మాకు ఆ ఆలస్యం ఫీజే 18 వేలు దాటింది. 2025 ఆగస్టు తర్వాత అయితే 20 ఏళ్లు దాటిన బండికి 10,000 అయ్యింది. కొనే ముందే ఈ లెక్క వేసుకోండి. మేము వేసుకోలేదు. ఒక బ్రోకరు "కాగితాలెందుకు, ఏజెన్సీలో ఎవడు అడుగుతాడు" అన్నాడు. మన తాతలు కాగితం చదవలేక పోగొట్టుకున్న భూములు గుర్తొచ్చి, అప్పు చేసి మరీ చేయించాం. పరివాహన్ సైట్లో ఫారాలన్నీ నలుగురం కూర్చుని మేమే నింపాం.

మొత్తం లెక్క: బండి 40 వేలు. టైర్లు సెకండ్ హ్యాండ్ 8,000, బ్యాటరీ 5,500, బ్రేకులు 4,200, ఫిల్టర్లు ఆయిళ్లు 3,600, క్లచ్చి 4,700, వెల్డింగ్ వైరింగ్ 3,000, మావ కూలి 6,000. అంటే రిపేరు 35 వేలు. ఇన్సూరెన్స్, ట్యాక్సుతో కలిపి కాగితాలు 37 వేలు. లక్షా 12 వేలు. ఇంకా 20 వేలు అప్పు ఉంది.

ఫారం మీద సంతకం దగ్గర నాన్న ఆగిపోయాడు. ఇన్నాళ్లూ అన్నిటికీ వేలిముద్రే. "వేలిముద్ర కూడా చెల్లుతుంది నాన్నా" అన్నాం. వద్దన్నాడు. రెండు వారాలు మా రికార్డు పేజీల వెనక రోజూ రాత్రి పేరు రాయడం నేర్చుకున్నాడు. ఒక అక్షరానికి దీర్ఘం ఎప్పుడూ మర్చిపోయేవాడు. అసలు ఫారం మీద మాత్రం మర్చిపోలేదు.

ఆర్‌సీ కార్డు వచ్చిన రోజు "నా పేరు ఏ లైన్లో ఉంది" అని అడిగాడు. చూపించాం. ఇంగ్లీషులో ఉంది, ఆయనకి రాదు. అయినా ఆ లైను మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాడు. తర్వాత అటవీ హక్కుల పట్టా, రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టెలో దాచాడు. "బండిలో ఉంచుకోవాలి నాన్నా, పోలీసులు అడుగుతారు" అంటే, "జెరాక్స్ ఉంచు" అన్నాడు. జెరాక్స్ చాలదని ఇంకా నచ్చచెబుతున్నాం.

ఇప్పుడు జీపు ఎండాకాలం, చలికాలం రోడ్డు దాకా వెళ్తుంది. తెల్ల నంబరు ప్లేటు కాబట్టి కిరాయికి తిప్పకూడదు, తిప్పడం లేదు. ఒంట్లో బాగోలేని వాళ్లని డబ్బులు తీసుకోకుండా దించి వస్తాడు నాన్న. ఇప్పటికి తొమ్మిది మంది. వానల్లో గెడ్డ పొంగితే మళ్లీ డోలీయే. కల్వర్టు అర్జీకి జవాబు రాలేదు, రెండోసారి ఇచ్చాం. అర్జీ ఎలా రాశామో ఎవరికైనా కావాలంటే అడగండి, పంపిస్తాం. మీ ఊళ్లో ఏ షెడ్డులోనైనా ఇలాంటి బండి ఉంటే, స్టార్టు మాత్రం కొట్టకండి. ముందు ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి చూడండి.

చిన్నమ్మ కూతురికి ఇప్పుడు పాకడం వచ్చింది. జీపు కింద నీడలోకి పాకిపోతోంది, రోజూ ఎవరో ఒకరం బయటికి లాగాలి.