గుంపు లెక్క

ముస్తాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో మూడడుగుల గాజు తొట్టి ఉంది. మొదట్లో ముచ్చటపడి మూడంటే మూడు టైగర్ బార్బులు తెచ్చి ఏంజెల్ చేప పక్కన వదిలాను. వారం తిరగకముందే దాని పొడవాటి రెక్కలు పీలికలయ్యాయి. పోకిరీ చేపలని తిట్టుకున్నాను గానీ, తప్పింది నా లెక్కే. ఎనిమిదో పదో కలిసి ఉంటే బార్బులు తమలో తామే తరుముకుని పెద్దరికం తేల్చుకుంటాయి. తక్కువైతే ఆ దుడుకంతా పక్కవాళ్ల మీదే. ఏంజెల్‌ను తమ్ముడింటికి పంపి, మరో అయిదు బార్బులు తెచ్చాను.

తోడుగా నియాన్ టెట్రాలు తెద్దామనిపించింది. అవి అమెజాన్ పరీవాహకపు మెత్తటి నీళ్లలో పుట్టినవి. మా బోరు నీళ్లేమో గిన్నెకు తెల్లటి పొర కట్టే రకం! అందుకే చారల జీబ్రా డానియోలు. గంగానది చేపల మీద 1822లో హామిల్టన్ రాసిన పుస్తకంలో చోటు దొరికిన మన చేపే.

ఇప్పుడు నేను దగ్గితే చాలు, ఎనిమిది బార్బులూ ఒక్కసారే మళ్లుతాయి. ఒంటి పక్కనున్న సన్నటి గీతతో నీటి కదలికను పసిగడతాయట. చిన్నప్పుడు చెరువు మత్తడి దగ్గర పరకపిల్లలూ అంతే. కాలు పెడితే గుంపు చీలేది, తీస్తే అతుక్కునేది.